సాఫ్ట్‌వేర్ 89 శాతం పెరిగిందంది, నేను మార్పు లేదన్నాను: ఒక వైట్ మ్యాటర్ కేసు

2023 నవంబరు, ఒక శనివారం సాయంత్రం. మిగిలిపోయిన రిపోర్టులు సైన్ చేస్తుంటే రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మొన్న బ్రెయిన్ ఎంఆర్‌ఐ చేయించుకున్న మాస్టారి వాళ్లు వచ్చారు. చాలా టెన్షన్‌లో ఉన్నారు."

లోపలికి రమ్మన్నాను. మాస్టారు మాత్రం నింపాదిగా కుర్చీలో కూర్చుని గోడ మీద క్యాలెండర్ చూస్తున్నారు. టెన్షన్ అంతా ఆయన భార్యది, ఆమె ఫోన్‌లో వీడియో కాల్ మీద ఉన్న అమెరికా కొడుకుది. ఆమె నా ముందు ఒక రంగుల ప్రింటవుట్ పెట్టారు. కొడుకు ఇంతకుముందు తీయించిన స్కాన్‌నీ, మా దగ్గర తీసిన స్కాన్‌నీ ఒక ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో వేశాడట. వైట్ మ్యాటర్ మచ్చల పరిమాణం 2022 ఫిబ్రవరిలో 8.4 మిల్లీలీటర్లు, ఇప్పుడు 15.9. పక్కనే ఎర్ర బాణం, 89 శాతం పెరుగుదల అని.

"ఇరవై నెలల్లో దాదాపు రెట్టింపు అయ్యిందంట కదా డాక్టరు గారూ. మీ రిపోర్టులో చెప్పుకోదగ్గ మార్పు లేదని రాశారు. ఏది నమ్మాలి?"

సూటి ప్రశ్నే. ఆ సాయంత్రం నా దగ్గర సూటి జవాబు లేదు. వెతకడానికి నాకు వారం పట్టింది, పూర్తి జవాబు దొరకడానికి ఇంకో స్కాన్ పట్టింది. ఆయన, కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మాస్టారి సంగతి

ఆయనకు అప్పటికి 68 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పదిహేనేళ్లుగా బీపీ ఉంది. మాత్రలు వేసుకుంటారు గానీ ఒంట్లో బాగుందనిపిస్తే నెలకో రెండు నెలలకో ఆపేస్తారు. షుగర్ బోర్డర్‌లో ఉంది. సిగరెట్, మందు లేవు. మతిమరుపు అని న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. కానీ భార్య చెప్పేది నిదానంగా వింటే అది మతిమరుపు కంటే మందకొడితనం. పాత విద్యార్థుల పేర్లు ఇంటిపేర్లతో సహా చెబుతారు. పద్యం ఎత్తుకుంటే తడబడరు. కూరగాయల బండి దగ్గర మాత్రం చిల్లర లెక్కపెట్టేలోపు వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. గేటు దాటేటప్పుడు అడుగు నేలకు అతుక్కుపోయినట్టు ఒక క్షణం ఆగిపోతారు. జ్ఞాపకం, భాష, ఆలోచన కొలిచే ఏసీఈ-3 అనే పరీక్ష తెలుగు రూపంలో చేస్తే 100కి 79 వచ్చింది. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం ఒక నిమిషంలో వీలైనన్ని జంతువుల పేర్లు చెప్పమనేలాంటి ప్రశ్నల దగ్గరే పోయాయి.

నరాల డాక్టర్లకు ఇది బాగా పరిచయమైన చిత్రం. మెదడు పైపొరల్లో కాదు, లోపలి వైరింగ్‌లో లోపం ఉన్నప్పుడు మనిషి ఇలా నెమ్మదిస్తాడు.

ఆ వైరింగే వైట్ మ్యాటర్. నరాల తీగల మీద కొవ్వు తొడుగు ఉంటుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. దానికి రక్తం తెచ్చేవి వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే వాటి గోడలు గట్టిపడతాయి, చుట్టూ ఉన్న కణజాలంలోకి నీరు చేరుతుంది, తొడుగు పలచబడుతుంది. ఎంఆర్‌ఐలో ఫ్లెయిర్ అనే సీక్వెన్స్ మామూలు నీటి సిగ్నల్‌ని నొక్కేసి, ఇలా దెబ్బతిన్న చోట్లను తెల్లగా వెలిగిస్తుంది. అరవై దాటిన వాళ్లలో ఎంతో కొంత లేని మెదడు అరుదు. మన రిపోర్టుల్లో 'క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్' అని రాసేది దీని గురించే. రక్తం చాలకపోవడాన్ని చెప్పే ఆ 'ఇస్కీమిక్' అన్న మాట చదివి పక్షవాతం వచ్చేసిందని రాత్రంతా నిద్రపోని వాళ్లను చాలామందిని చూశాను.

కంటితో కొలిచేది ఎలా

1987లో కెనడాలో హచిన్‌స్కీ బృందం ఈ మార్పుకు ల్యూకోఅరాయోసిస్ అని పేరు పెట్టింది. తెల్ల పదార్థం పలచబడడం అని దాని గ్రీకు అర్థం. అదే ఏడాది ఆస్ట్రియాకు చెందిన ఫజెకాస్ అనే న్యూరాలజిస్టు, ఆయన సహచరులు దీనికి గ్రేడ్లు ఇచ్చే పద్ధతి ప్రచురించారు. ఇప్పటికీ రేడియాలజిస్టులు ఎక్కువగా వాడేది అదే. మెదడు లోపలి నీటి గదులైన వెంట్రికిల్స్ చుట్టూ ఉన్న మార్పుకు ఒక గ్రేడు, లోతైన వైట్ మ్యాటర్‌లో ఉన్న మచ్చలకు ఇంకో గ్రేడు, రెండూ 0 నుంచి 3 వరకు. లోతు మచ్చల్లో విడి చుక్కలైతే 1, చుక్కలు ఒకదానితో ఒకటి కలవడం మొదలుపెడితే 2, కలిసిపోయి పెద్ద మడుగులైతే 3.

రెండు నిమిషాల పని. ఇందులో కొలిచేదేమీ లేదు, పోలిక మాత్రమే. పోలికకు ఉండే బలం, బలహీనత రెండూ దీనికి ఉన్నాయి. గ్రేడు 2 అంటే చాలా పెద్ద సంచి. ఇప్పుడిప్పుడే అంచులు తాకుతున్న మచ్చలూ అందులోనే, ఇంకొక్క అడుగులో 3 కాబోయేవీ అందులోనే. పైగా 3కి మించి గ్రేడు లేదు. 3 వచ్చినవాళ్లకి ఆ తర్వాత మచ్చలు ఎంత పెరిగినా గ్రేడు 3గానే ఉంటుంది.

మాస్టారి పాత స్కాన్ రిపోర్టులో ఫజెకాస్ 1 అని ఉంది. నేను రెండు చోట్లా 2 ఇచ్చాను. పాత ఫిల్ములు మళ్లీ చూస్తే అప్పుడు కూడా 2 అనే అనిపించింది. కాకపోతే నాకు కావాల్సింది నా మాటను సమర్థించుకోవడం కాదు. పేర్లు, తేదీలు తీసేసి, వరస మార్చి, రెండు స్కాన్లనీ వేరే కేసుల మధ్య కలిపి ఇద్దరు మిత్రులకు పంపాను. ఒకరు లోతు మచ్చలకు రెండు స్కాన్లలోనూ 2 ఇచ్చారు. ఇంకొకరు రెండింటికీ 3 ఇచ్చారు. ఎంత జబ్బు ఉందన్న దాని మీద ముగ్గురికీ ఏకాభిప్రాయం లేదు. మార్పు లేదన్న దాని మీద మాత్రం ముగ్గురిదీ ఒకే మాట. కళ్లు ఇలాగే పనిచేస్తాయి. ఎవరి కొలబద్ద వాళ్లది, కానీ ఒక మనిషి చేతిలో అది అంత తేలిగ్గా మారదు.

ఎర్ర రంగు ఎక్కడ పడింది

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పీడీఎఫ్‌లో బొమ్మలు మూడే. అంకె ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ ప్రోగ్రామ్ ఏ బిందువును మచ్చగా లెక్కేసిందో ప్రతి స్లైసులో చూడాలి. దాన్నే మాస్క్ అంటారు. కొడుకును అడిగితే, తనూ సాఫ్ట్‌వేర్ మనిషే కాబట్టి, అడ్డు చెప్పకుండా ఆ రాత్రే పంపాడు.

నిజం చెప్పాలంటే ఈ మొత్తం కేసులో నేను నేర్చుకున్నది చాలావరకు ఆ మాస్క్ దగ్గరే.

మాది 3 టెస్లా (అయస్కాంత బలం) మెషీన్, 3డీ ఫ్లెయిర్, మిల్లీమీటరు మందం. స్లైసులు కింద నుంచి పైకి జరుపుకుంటూ పోయాను. అసలైన మచ్చల మీద ఎర్ర రంగు చక్కగానే పడింది, కొన్ని చోట్ల నేను గీసినా అంత శ్రద్ధగా గీయలేను. తర్వాత మొదలయ్యాయి వింతలు. రెండు వెంట్రికిల్స్ మధ్య సన్నటి తెర లాంటి సెప్టం పెలుసిడం మొత్తం ఎరుపు. ఇన్సులా దగ్గర మెదడు పైపొర అయిన కార్టెక్స్ మీద ఎరుపు. అది గ్రే మ్యాటర్, ఈ లెక్కలో ఉండాల్సింది కాదు. 3డీ ఫ్లెయిర్‌లో ఈ చోట్లు మామూలుగానే కొంచెం మెరుస్తాయి. ఇంకా కిందికి వస్తే ఇంటర్నల్ క్యాప్సూల్ వెనక భాగంలో కుడివైపు ఒక చిన్న ఎర్ర బొట్టు, ఎడమవైపు అచ్చం అలాంటిదే ఇంకొకటి. జబ్బు అంత పద్ధతిగా రాదు. అద్దంలో చూసినట్టు రెండు వైపులా సమానంగా ఉంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. అవి కార్టికోస్పైనల్ ట్రాక్టులు. కాళ్లూ చేతులూ కదిపే తీగలు, 3 టెస్లాలో ఆరోగ్యవంతుల్లో కూడా లేత తెలుపులో కనిపిస్తాయి.

తప్పుగా పడ్డ ఎరుపంతా చేత్తో చెరిపేసరికి నలభై నిమిషాలు పట్టింది. 15.9 కాస్తా 13.3 అయింది.

పాత స్కాన్ వేరే సెంటర్‌లో, 1.5 టెస్లా మెషీన్‌లో తీసింది. 2డీ ఫ్లెయిర్, ఒక్కో స్లైసు 5 మిల్లీమీటర్లు, స్లైసుకీ స్లైసుకీ మధ్య 1.5 మిల్లీమీటర్ల ఖాళీ. మామూలు పనికి అది సరిపోయే స్కానే, తప్పుపట్టడానికేం లేదు. అందులో తప్పుల జాతి వేరు. నాలుగో వెంట్రికిల్‌లో నీరు గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది. అలా కదిలే నీటిని 2డీ ఫ్లెయిర్ పూర్తిగా నొక్కలేదు, తెల్లగా చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని మచ్చ అనుకుంది. అవి తీసేస్తే 8.4 నుంచి 7.9కి దిగింది. అసలు తేడా కనపడనిదాంట్లో ఉంది. 4 మిల్లీమీటర్ల చుక్క ఒకటి 5 మిల్లీమీటర్ల స్లైసులో పడితే పక్కనున్న మంచి కణజాలంతో కలిసి లేత బూడిదరంగు అవుతుంది. ఖాళీ పక్కన పడితే ఇంకా పలచబడుతుంది. కొత్త స్కాన్‌లో స్పష్టంగా ఉన్న కనీసం పదకొండు చుక్కల చోట పాత మాస్క్‌లో ఏమీ లేదు. వాటిలో కొన్ని పాత ఫిల్ములో మసగ్గా ఉన్నాయి. ఉన్నాయని ముందే తెలిసిన కన్నుకు అవి కనపడతాయి. సాఫ్ట్‌వేర్‌కు కనపడలేదు.

అయితే ఎంత తేడా జబ్బుది, ఎంత మెషీన్‌ది? పాత స్కాన్‌ను మళ్లీ తీయలేం. కొత్తదాన్ని పాతదానిలా మార్చవచ్చు. మా 3డీ డేటాను తీసుకుని 5 మిల్లీమీటర్ల స్లైసులుగా, మధ్యలో 1.5 ఖాళీతో మళ్లీ తయారుచేసి, అదే సాఫ్ట్‌వేర్‌లో వేయమని కొడుకుకు పంపాను. 10.1 వచ్చింది.

అదే మెదడు, అదే రోజు, అదే పది నిమిషాల సిగ్నల్. సన్నగా కోస్తే 15.9, మందంగా కోస్తే 10.1. ప్రింటవుట్‌లో కనిపించిన 7.5 మిల్లీలీటర్ల పెరుగుదలలో 5.8 స్లైసు మందంలోనే పోయింది. మిగిలింది 1.7. అందులో టెస్లా తేడా ఉంది, కంపెనీ తేడా ఉంది, తల వంచిన కోణం ఉంది, బహుశా కొంత నిజమైన పెరుగుదలా ఉంది. దేని వాటా ఎంతో విడదీసే దారి ఆ రెండు స్కాన్లతో లేదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 'చెప్పుకోదగ్గ మార్పు లేదు' అన్న నా వాక్యం కూడా ఆ ఎర్ర బాణం లాగే అతి ధీమాతో రాసింది. రెండు వేర్వేరు మెషీన్ల మీద, వేర్వేరు మందాలతో తీసిన స్కాన్లు పెట్టుకుని, పెరిగిందనడానికీ వీల్లేదు, పెరగలేదనడానికీ వీల్లేదు. నేను రాయాల్సింది ఆ మాట.

లెక్కల మాస్టారికి లెక్క

వారం తర్వాత మళ్లీ కూర్చున్నాం. ఇదంతా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, మాస్టారి చేతికి కాగితం, పెన్ను ఇచ్చాను. "మాస్టారూ, 10 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గోళం ఘనపరిమాణం ఎంత?"

ఆయన కళ్లలో వెలుగు వచ్చింది. సూత్రం గబుక్కున రాశారు. ఆ తర్వాత నెమ్మదించారు. 125ను 22తో గుణించి, ఆగి, మళ్లీ చూసుకుని, 7తో భాగించబోయి, ముందు 4తో గుణించాలా అని తనలో తనే అనుకున్నారు. ఆయన భార్య చెయ్యి చాచి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయబోతే వద్దని సైగ చేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. 524 ఘన మిల్లీమీటర్లు. సరిగ్గా వచ్చింది. ఆ నాలుగు నిమిషాల్లో నాకు ఆయన జబ్బు ఏ స్కాన్‌లోనూ కనపడనంత స్పష్టంగా కనపడింది. తెలివి చెక్కు చెదరలేదు, దారి మాత్రం గతుకులైంది.

"ఇప్పుడు అంచు అన్ని వైపులా అర మిల్లీమీటరు ఎక్కువ గీశామనుకోండి. వ్యాసం 11."

ఈసారి 697. ఆయన రెండు అంకెలనూ చూసి, "మూడో వంతు పెరిగిందే!" అన్నారు.

అంతే. మచ్చ అంచు ఎక్కడో చెప్పే గీత అర మిల్లీమీటరు జరిగితే, మచ్చ మారకుండానే అంకె మూడో వంతు మారుతుంది. మచ్చలకు గోడలుండవు, తెలుపు నుంచి బూడిదకు నెమ్మదిగా మసకబారతాయి. ఆ మసకలో గీత ఎక్కడ గీయాలో మెషీన్‌ని బట్టి, కాంట్రాస్టును బట్టి మారుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు స్క్రీన్ మీద తల ఊపాడు. తన పనిలో డేటా సోర్స్ మారితే గ్రాఫ్‌లో ఇలాంటి మెట్టు వస్తుందని, దాన్ని ఎవరూ ట్రెండ్ అనరని అన్నాడు. నా కంటే బాగా చెప్పాడు.

ఆ ప్రింటవుట్‌లో ఇంకో అంకె కూడా ఆమెను భయపెట్టింది. వయసుకు తగ్గ జనంతో పోలిస్తే మెదడు పరిమాణం 14వ పర్సంటైల్ అని. ఎవరితో పోల్చారన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. 2019లో హైదరాబాద్ ఐఐఐటీ వాళ్లు వంద మంది స్కాన్లతో భారతీయ బ్రెయిన్ అట్లాస్ (సగటు మెదడు నమూనా) తయారుచేసినప్పుడు, మన సగటు మెదడు పాశ్చాత్య అట్లాసులో కంటే ఎత్తు, వెడల్పు, పరిమాణాల్లో చిన్నదని తేలింది. అందులో ఉన్నది ఆరోగ్యవంతులైన యువతీయువకులు కాబట్టి 68 ఏళ్ల మాస్టారికి అదీ కొలబద్ద కాదు. పర్సంటైల్‌ను పక్కన పెట్టమని చెప్పాను. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ కంటికి బాగానే ఉంది, అరవై ఎనిమిదికి తగ్గట్టే.

అంకెలో లేనివి

సాఫ్ట్‌వేర్‌ని తప్పు పడుతున్న ఊపులో ఇంకొక సంగతి. ఎడమ థాలమస్‌లో 6 మిల్లీమీటర్ల చిన్న గుంట ఉంది, పాత లాక్యూన్. ఒక సన్నటి రక్తనాళం మూసుకుపోయి, అది పోషించే ముక్క కరిగిపోయి, ఆ చోట నీరు నిలిచింది. ఫ్లెయిర్‌లో మధ్యలో నలుపు, చుట్టూ సన్నటి తెల్ల అంచు. సాఫ్ట్‌వేర్ ఆ అంచును మచ్చల లెక్కలో వేసుకుంది, మధ్య గుంటను మామూలు నీరనుకుని వదిలేసింది. మొత్తం 15.9లో దాని వాటా చిటికెడు కూడా లేదు. కానీ థాలమస్ అంటే జంక్షన్. అక్కడ 6 మిల్లీమీటర్ల దెబ్బ, ఫ్రంటల్ లోబ్ మూలలో అర మిల్లీలీటరు మచ్చ కంటే ఆ మనిషి నెమ్మదికి ఎక్కువ కారణం కావచ్చు. పైగా రక్తపు ఆనవాళ్లను పట్టే సస్సెప్టిబిలిటీ సీక్వెన్సులో లోతు భాగాల్లో నాలుగు మైక్రోబ్లీడ్లు, అంటే చిన్న చిన్న పాత రక్తస్రావపు గుర్తులు, ఉన్నాయి. అలాంటి చోట ఉండే మైక్రోబ్లీడ్లు బీపీని వేలెత్తి చూపిస్తాయి. రక్తం పలచబరిచే మందుల గురించి న్యూరాలజిస్టు రెండోసారి ఆలోచించేది వీటిని చూసే.

చిన్న రక్తనాళాల జబ్బును ఎలా రాయాలో చెప్పే, 2013లో వచ్చిన స్ట్రైవ్ ప్రమాణాలు వైట్ మ్యాటర్ మచ్చలు, లాక్యూన్లు, మైక్రోబ్లీడ్లు, రక్తనాళాల చుట్టూ ఖాళీలు, మెదడు కుంచించుకుపోవడం అన్నీ ఒకే జబ్బు ముఖాలుగా విడివిడిగా రాయమన్నాయి. వాల్యూమ్ ఒక్కటే చూపించే కాగితం వాటిలో ఒక ముఖాన్నే ఫొటో తీస్తుంది.

అలాగని కన్ను చాలదు

కంటి గ్రేడుకు ఎంత విలువ ఉందో చెప్పడానికి యూరప్‌లో జరిగిన లాడిస్ అధ్యయనం ఉంది. 65 నుంచి 84 ఏళ్ల మధ్య ఉండి, తమ పనులు తాము చేసుకోగలిగే 639 మందిని చూశారు. గ్రేడు ఇచ్చింది కంటితోనే, ఫజెకాస్ పద్ధతికి కొద్దిపాటి మార్పుతో. తేలిక మార్పులున్నవాళ్లలో ఏడాదికి 10.5 శాతం మంది ఇతరుల మీద ఆధారపడే స్థితికి వచ్చారు లేదా చనిపోయారు. మధ్యస్థంగా ఉన్నవాళ్లలో 15.1, తీవ్రంగా ఉన్నవాళ్లలో 29.5 శాతం. రెండు నిమిషాల కంటిచూపు అంత దూరం చెప్పగలిగిందంటే దాన్ని తేలిగ్గా తీసేయలేం.

కానీ చికిత్స పనిచేస్తోందా లేదా అన్న ప్రశ్నకు కన్ను చేతులెత్తేస్తుంది. 2019లో స్ప్రింట్ మైండ్ అనే బీపీ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. పై బీపీని 120 లోపు ఉంచిన వాళ్లనూ, 140 లోపు ఉంచిన వాళ్లనూ సుమారు నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు ఎంఆర్‌ఐ తీసి పోల్చారు. రెండో స్కాన్ దాకా వచ్చినవాళ్లు 449 మంది. 120 గుంపులో మచ్చలు సగటున 0.92 మిల్లీలీటర్లు పెరిగితే, 140 గుంపులో 1.45 పెరిగాయి. తేడా అర మిల్లీలీటరు. మాస్టారు కాగితం మీద వేసిన 10 మిల్లీమీటర్ల గోళం అంత. మెదడంతా పరుచుకుని ఉన్న అర మిల్లీలీటరును ఏ రేడియాలజిస్టూ కంటితో పట్టలేడు. సంఖ్య లేకపోతే ఆ ఫలితమే లేదు.

ఇది తెలిసీ నాకు నా కన్ను మీద నమ్మకం తగ్గలేదు. తగ్గడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది.

ఈలోగా న్యూరాలజిస్టు, ఫిజీషియన్ కలిసి 24 గంటల బీపీ పరీక్ష చేయించారు. పగలు ఓ మాదిరిగా ఉన్న బీపీ రాత్రి దిగాల్సింది దిగడం లేదు. మాత్రలు మార్చారు, ఆపకుండా వేయించే బాధ్యత ఆమె తీసుకున్నారు. నేను ఫైలు మీద స్కెచ్ పెన్నుతో రాయించాను: ఇదే మెషీన్, ఇదే కాయిల్ (తల చుట్టూ పెట్టి సిగ్నల్ అందుకునే భాగం), ఇదే ప్రోటోకాల్.

2025 జనవరి

ఈసారి ముందే అనుమతి తీసుకున్నాను. స్కాన్ అయ్యాక మాస్టారిని బల్ల మీద నుంచి దింపి, ఒక చుట్టు నడిపించి, మళ్లీ పడుకోబెట్టి ఫ్లెయిర్ ఒక్కటే రెండోసారి తీశాం. పది నిమిషాల్లో మెదడు మారదు కాబట్టి, రెండు అంకెల మధ్య తేడా ఎంతుంటే అంత మా పద్ధతిలో ఉన్న ఊగిసలాట. "సప్లిమెంటరీ రాయిస్తున్నారన్నమాట" అన్నారు ఆయన, చెవుల్లో దూది సర్దుకుంటూ.

అంకె చూడకముందే రిపోర్టు రాయాలని నాకు నేను పెట్టుకున్న నియమం. చూసి రాస్తే కన్ను అంకె వెనకే వెళ్తుంది. రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టుకుని, నిజాయితీగా పావుగంట చూశాను. ఫజెకాస్ 2, 2. 2023తో పోలిస్తే మార్పు లేదు. ఈసారి ఒకే మెషీన్ కాబట్టి ఆ మాట రాసే హక్కు ఉందనుకున్నాను.

తర్వాత మాస్కులు తెరిచి, 2023లో చెరిపిన చోట్లే అదే పద్ధతిలో చెరిపాను. మొదటిసారి తీసినదానిలో 15.2, రెండోసారి తీసినదానిలో 14.9. ఊగిసలాట 0.3. 2023లో 13.3. అంటే సుమారు 1.6 నుంచి 1.9 మిల్లీలీటర్ల పెరుగుదల, ఊగిసలాటకు ఐదారు రెట్లు. ఒక్క మనిషి మీద ఒక్కసారి చేసిన పరీక్షతో పెద్ద మాటలు చెప్పకూడదు, నిజమే. అయినా దీన్ని మెషీన్ మీదకు తోసేయడానికి ఈసారి సాకు దొరకలేదు.

నమ్మలేక రెండు స్కాన్లనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి, ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని తీసేసి చూశాను. మారని మెదడంతా బూడిదరంగులోకి వెళ్లిపోయింది. కుడి ఫ్రంటల్ భాగంలో వెంట్రికిల్ కొమ్ము చుట్టూ సన్నటి తెల్ల వెన్నెల లాగా ఒక అంచు మిగిలింది. ఎడమవైపు పైన, 2023లో విడివిడిగా ఉన్న రెండు మచ్చలు ఇప్పుడు సన్నటి వంతెనతో కలిశాయి. ఒకచోట మాత్రం, ఎడమ పెరైటల్‌లో, నల్ల అంచు వచ్చింది. అంటే అక్కడ మచ్చ తగ్గింది. వైట్ మ్యాటర్ మచ్చలు కొన్ని తగ్గుతాయని చదివాను, ఒప్పుకోవాల్సి వస్తుందని అనుకోలేదు.

పెరుగుదల ఒక్కచోట కొత్త మచ్చగా వచ్చి ఉంటే నేను వదిలేవాణ్ని కాదు. అది పెద్ద మచ్చల అంచుల వెంట చుట్టూ ఒక పొర లాగా వచ్చింది. రోజూ చూసే పిల్లాడు ఎదిగినట్టు తెలియనట్టే అది కన్ను దాటిపోతుంది. ముందే చెప్పుకున్నట్టు గ్రేడు 2 చాలా పెద్ద సంచి, ఈ రెండు మిల్లీలీటర్లూ అందులోనే సర్దుకుపోయాయి.

రిపోర్టుకు అదనపు పేరా జోడించాను. నా మొదటి వాక్యం కొట్టేయలేదు, అలాగే ఉంచాను. కంటితో గ్రేడులో మార్పు లేదనీ, ఒకే మెషీన్, ఒకే ప్రోటోకాల్ మీద సరిచూసిన కొలతలో కొద్దిపాటి పెరుగుదల ఉందనీ, అది ఎక్కడెక్కడో, మా కొలతలో ఊగిసలాట ఎంతో, రెండు మాస్కులూ ఎవరు సరిచూశారో రాశాను. కొత్త లాక్యూన్ లేదు, కొత్త మైక్రోబ్లీడ్లు లేవు అని కూడా. శాతం మాత్రం రాయలేదు. 13.3 మీద 1.9 అంటే 14 శాతం. ఆ అంకెకు పక్కన ఏ బాణం గీసినా మళ్లీ ఆ శనివారం సాయంత్రమే వస్తుంది.

మందులు మొదలెట్టినా పెరిగిందంటే మందులు పనిచేయలేదా అని ఆమె అడిగారు. ఒక మనిషిలో ఆ ప్రశ్నకు స్కాన్ జవాబు చెప్పలేదు. మందులు వేయకపోతే ఎంత పెరిగేదో చూపించే రెండో మాస్టారు మనకు లేరు. ఎక్కువ మచ్చలతో మొదలైనవాళ్లలో పెరుగుదల కూడా వేగంగానే ఉంటుందని చెప్పాను. ఏసీఈ-3 ఈసారి 78, దాన్ని తగ్గుదల అనలేం. గేటు దగ్గర ఆగడం అలాగే ఉంది. చిల్లర మాత్రం ఇప్పుడు లెక్కపెట్టడం లేదు, బండి మీద క్యూఆర్ కోడ్ పెట్టారట.

మా ప్రోటోకాల్‌లో ఆ తర్వాత రెండు మార్పులు వచ్చాయి. మతిమరుపు, నడక సమస్యలతో వచ్చే ప్రతివాళ్లకీ మిల్లీమీటరు మందం 3డీ ఫ్లెయిర్, రేపు పోల్చుకోవడానికి. వాల్యూమ్ రిపోర్టు బయటికి వెళ్లాలంటే ఎవరో ఒకరు మాస్క్ మొత్తం తిరగేసి సంతకం పెట్టాలి. దీనికి ఒక్కో కేసుకు అరగంట పైనే పడుతోంది, మేనేజ్‌మెంట్‌కు అంతగా నచ్చలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. వచ్చే నెల మా మెషీన్‌కు అప్‌గ్రేడ్ ఉంది. హెడ్ కాయిల్ మారుతుంది, స్కానర్ సాఫ్ట్‌వేర్ మారుతుంది. చిత్రాలు ఇంకా బాగా వస్తాయని ఇంజినీర్ సంతోషంగా చెప్పాడు. బాగా రావడమే నా భయం. మాస్టారికి ఫోన్ చేసి, అప్‌గ్రేడ్‌కు ముందు వారం ఒకసారి, తర్వాత వారం ఒకసారి రమ్మన్నాను. "మళ్లీ సప్లిమెంటరీయా?" అన్నారు. రెండోదానికి డబ్బు తీసుకోవద్దని కౌంటర్‌లో చెప్పి ఉంచాను.